మలబద్ధకం మందు ఇచ్చే ముందు, ఇచ్చాక: వార్డు నర్సు చూడాల్సినవి

డ్రగ్ చార్టులో ‘లాక్టులోజ్ 15 మి.లీ., రాత్రి’ అన్న ఒక్క వరస చాలా చిన్న పనిలా కనబడుతుంది. సీసా మూత తిప్పి, కొలత కప్పులో పోసి, తాగించి, సంతకం పెడితే అయిపోతుంది. నైట్ డ్యూటీలో వార్డు నిండా పేషెంట్లుంటే ఈ సిరప్ కోసం ఐదు నిమిషాలు ఆగమనడం విసుగ్గానే ఉంటుంది. అయినా ఆగాలి. మలబద్ధకం మందులతో వచ్చే ఇబ్బందులు తిరిగి తిరిగి మూడు చోట్లకే వస్తాయి: పేగు మూసుకుపోయిన మనిషికి ఇవ్వడం, నాలుగు రోజులు ఆలస్యంగా మొదలుపెట్టడం, కావలసిన పని ఒకటైతే ఇంకో పని చేసే మందు పోయడం. ఈ మూడింటినీ డాక్టర్ కంటే ముందు పసిగట్టగలిగేది మంచం పక్కన ఉండే నర్సే.

ఇది చెన్నై ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు నర్సుల కోసం. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు, కడప వైపు నుంచి సెంట్రల్ స్టేషన్‌లో దిగి వచ్చే పేషెంట్లలో చాలామందికి తమిళం అంతంతమాత్రం. రౌండ్స్‌లో నలుగురి మధ్య “మోషన్ పోయాచా?” అని అడిగితే సిగ్గుతో తల ఊపేస్తారు. చార్టులో టిక్కు పడుతుంది. నిజానికి ఇంటి దగ్గర బయల్దేరిన రోజు నుంచీ ఆ మనిషికి విరేచనం అయ్యుండదు.

మొదట అడగండి

“మోషన్ అయిందా?” అన్న ప్రశ్నకు “అయింది” అన్న జవాబు వస్తే మీకు తెలిసింది దాదాపు ఏమీ లేదు. విడివిడిగా అడగాలి. చివరిసారి ఎప్పుడు వెళ్ళారు, నిన్ననా, మొన్ననా, అడ్మిట్ కాకముందా? ఇంటి దగ్గర మామూలుగా ఎన్నాళ్ళకోసారి? గట్టిగా వచ్చిందా, మెత్తగానా? ముక్కాల్సి వచ్చిందా? రక్తం కనబడిందా? వెళ్ళొచ్చాక కూడా ఇంకా మిగిలిపోయినట్టు ఉందా?

రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఏదైనా మామూలు అలవాటే. రెండు రోజులకోసారి వెళ్ళే మనిషి ఇవాళ వెళ్ళలేదని సిరప్ పోయక్కర్లేదు. తెల్లవారగానే వెళ్ళే అలవాటున్న మనిషికి మూడు రోజులు గడిచాయంటే మాత్రం మందు ఇప్పటికే ఆలస్యమైంది.

పెద్దవాళ్ళను అడిగేటప్పుడు కర్టెన్ లాగి, గొంతు తగ్గించి, “అవ్వా, బయటికి వెళ్ళి ఎన్నాళ్ళయింది?” అంటే చాలు. కోడలు పక్కనుంటే సగం జవాబే వస్తుంది. ఆమెను ఫార్మసీకి పంపి అడగండి. అటెండర్ చెప్పినదాన్ని పేషెంట్ చెప్పినట్టు రాయకండి. బాత్రూమ్‌లో పావుగంట కూర్చుని ఏమీ కాకుండా తిరిగొచ్చినా అటెండర్ లెక్కలో అది ‘వెళ్ళొచ్చారు’ అవుతుంది.

మలం ఎలా ఉందో మాటల్లో చెప్పించడం కష్టం కాబట్టి బ్రిస్టల్ స్టూల్ చార్ట్ బొమ్మను వార్డులో అంటించుకోండి. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో తయారై 1997లో అచ్చయిన ఈ చార్టులో ఏడు రకాలున్నాయి. 1, 2 రకాలు మేక పెంటికల్లా గట్టి ఉండలు, లేదా ఉండలన్నీ అతుక్కున్న ముద్ద. 3, 4 మనకు కావలసినవి. 5 నుంచి వదులవుతూ 7 దగ్గర పూర్తిగా నీళ్ళవుతుంది. పేషెంట్ బొమ్మ మీద వేలు పెడితే ఆ అంకె రాయండి. ‘కొంచెం టైట్‌గా’ అని రాస్తే తర్వాతి షిఫ్ట్ వాళ్ళకు ఉపయోగం లేదు.

7వ రకం కనబడగానే మందు ఆపేయడం మామూలుగా సరైనదే. అయితే మంచం పట్టిన ముసలివాళ్ళకు ఐదారు రోజులు ఏమీ కాకుండా ఉండి, ఉన్నట్టుండి కొంచెం కొంచెంగా నీళ్ళు కారడం మొదలైతే అది విరేచనాల జబ్బు కాకపోవచ్చు. పురీషనాళంలో గట్టి ముద్ద అడ్డుపడి, దాని పక్కనుంచి పైనున్న ద్రవం జారుతుంటుంది. ఇక్కడ విరేచనాలు ఆపే లోపెరమైడ్ ఇస్తే పరిస్థితి ఇంకా బిగుస్తుంది. గుద పరీక్ష చేయమని డాక్టర్‌ను అడగండి.

పొట్ట చూడండి

దుప్పటి తీసి పొట్ట చూడకుండా ఏ విరేచనకారీ ఇవ్వకండి. ముందు చూపు: ఉబ్బిందా, పాత ఆపరేషన్ మచ్చ ఉందా, హెర్నియా ఉందా? తర్వాత స్టెతస్కోప్ పెట్టి పేగు శబ్దాలు వినండి. చెయ్యి పెట్టి నొక్కడం ఆఖర్న, ఎందుకంటే నొక్కితే శబ్దాలు మారతాయి. గ్యాస్ పోతోందా అని తప్పకుండా అడగండి. ఆపరేషన్ అయిన పేషెంట్ విషయంలో మలం కంటే గ్యాస్ పోవడమే ముందుగా వినాల్సిన కబురు.

పొట్ట బిగుసుకుని ఉబ్బడం, గ్యాస్ కూడా పోకపోవడం, వాంతులు, పట్టి పట్టి వచ్చే తీవ్రమైన నొప్పి, పొట్ట గట్టిగా అయి ముట్టుకోనివ్వకపోవడం, శబ్దాలు అసలు లేకపోవడం లేదా లోహం మోగినట్టు హెచ్చుస్థాయిలో వినబడడం: వీటిలో ఏది కనబడినా డోసు ఆపండి. మూసుకున్న పేగును స్టిమ్యులెంట్, అంటే పేగు కదలికను రెచ్చగొట్టే మందు, పిండితే నొప్పి పెరుగుతుంది, పేగు చిల్లు పడే ప్రమాదమూ ఉంటుంది. లాక్టులోజ్ అయితే పెద్దపేగు బాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తుంది కాబట్టి ఉబ్బిన పొట్ట మరింత ఉబ్బుతుంది.

ఆపి ఊరుకోకూడదు, ఫోన్ చేయాలి. “సార్, 12వ బెడ్, సర్జరీ అయి మూడో రోజు. పొట్ట ఉబ్బింది, నిన్నటి నుంచి గ్యాస్ పోలేదు, రెండుసార్లు పచ్చటి వాంతి అయింది. రాత్రి లాక్టులోజ్ ఆపాను, వచ్చి చూడండి.” ఇంత చెబితే చాలు. డోసు ఆపిన సమయం, కారణం, ఎవరికి చెప్పారో చార్టులో రాయండి.

అత్యవసరం కాకపోయినా డాక్టర్ చెవిన వేయాల్సినవి కొన్ని ఉన్నాయి. 50 ఏళ్ళు దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం, మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత. “పైల్స్ ఉన్నాయమ్మా, రక్తం మామూలే” అని పేషెంటే కొట్టిపారేసినా మీరు మాత్రం కొట్టిపారేయకండి.

చార్టులో మిగతా మందులు చదవండి

మలబద్ధకానికి కారణం తరచూ అదే డ్రగ్ చార్టులో పైన ఎక్కడో ఉంటుంది. మార్ఫిన్, ఫెంటానిల్ ప్యాచ్, ట్రమడాల్, కోడిన్ ఉన్న దగ్గు సిరప్; ఐరన్, కాల్షియం మాత్రలు; ఆన్‌డాన్‌సెట్రాన్; అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు, సుక్రాల్‌ఫేట్; వెరపమిల్; అమిట్రిప్టిలిన్; ట్రైహెక్సిఫెనిడిల్. మానసిక వార్డులో క్లోజపిన్ వాడే పేషెంట్‌కు మలబద్ధకాన్ని చిన్న విషయంగా తీసుకోకండి. పేగు కదలిక పూర్తిగా ఆగిపోయి ప్రాణం మీదికి వచ్చే సందర్భాలున్నాయి. థైరాయిడ్ తగ్గడం, డయాబెటిస్, పార్కిన్సన్స్, పొటాషియం తగ్గడం, కాల్షియం పెరగడం కూడా ఇదే పని చేస్తాయి కాబట్టి ల్యాబ్ రిపోర్టుల మీద ఒక చూపు వేయండి.

ఓపియాయిడ్ల గురించి, అంటే మార్ఫిన్ జాతి నొప్పి మందుల గురించి, కొంచెం ఆగి చెప్పాలి. వీటి మగత, వికారం కొన్నాళ్ళకు శరీరానికి అలవాటవుతాయి. మలబద్ధకం అలవాటు కాదు. మందు వాడినంత కాలం ఉంటుంది. అందుకే మార్ఫిన్ రాసిన రోజే విరేచనకారి కూడా రాయించుకోవాలి. నాలుగో రోజు పొట్ట ఉబ్బాక ఎస్.ఓ.ఎస్. (అవసరమైతే ఇచ్చే మందు) కింద అడిగితే ఒక సిరప్‌తో పోయేది ఎనిమా దాకా వెళ్తుంది. ఇక ఓపియాయిడ్ పేగు కదలికనే మందగింపజేస్తుంది కాబట్టి మలాన్ని మెత్తబరిచే మందు ఒక్కటే సరిపోదు. మలం మెత్తగానే ఉంటుంది, కదలదు. సెన్నా, బిసకొడిల్ లాంటి స్టిమ్యులెంట్ తోడవ్వాలి. చార్టులో మెత్తబరిచేది ఒక్కటే ఉంటే డాక్టర్‌కు గుర్తు చేయండి. ఈ పేషెంట్లకు ఇసబ్‌గోల్ మాత్రం వద్దు. కదలని పేగులో అది ఉబ్బి కూర్చుంటుంది.

మేలో కత్తిరి ఎండల రోజులకు ఇంకో లెక్క ఉంది. ఏసీ లేని జనరల్ వార్డులో చెమటగా పోయే నీటిని ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్ట్ పట్టుకోదు. పెదవులు ఎండి, మూత్రం ముదురు పసుపుగా ఉన్న మనిషికి ఎంత లాక్టులోజ్ పోసినా పేగులోకి లాగడానికి నీళ్ళు ఉండాలి కదా. ముందు నీళ్ళు.

చేతిలో ఉన్న మందు ఏం చేస్తుందో తెలుసుకోండి

వార్డు భాషలో అన్నిటినీ స్టూల్ సాఫ్ట్‌నర్ అనేస్తుంటాం. ఒక్కో మందు దారి వేరు, పట్టే సమయం వేరు. ఆ సమయం తెలియకపోవడం వల్లే సాయంత్రం ఇచ్చి, ఉదయానికి పని చేయలేదని ఇంకో రెండు మందులు చేర్చడం, మూడో రోజు అన్నీ కలిసి ఒకేసారి పనిచేయడం జరుగుతుంది.

డాక్యుసేట్ అసలు సిసలు మెత్తబరిచే మందు. మలం మీద నీటి తలతన్యతను తగ్గించి నీరు, కొవ్వు లోపలికి ఇంకేలా చేస్తుంది. పెద్దవాళ్ళకు రోజుకు 50 నుంచి 300 మి.గ్రా.; పనిచేయడానికి 1 నుంచి 3 రోజులు పడుతుంది. ముక్కకుండా చూడడానికి ముందు జాగ్రత్తగా పనికొస్తుందే తప్ప ఇప్పటికే అయిదు రోజులైన మనిషికి దీని మీద ఆశ పెట్టుకోకండి. సెన్నాకు డాక్యుసేట్ చేర్చినా, డమ్మీ మాత్ర చేర్చినా హాస్పిస్ పేషెంట్లలో పెద్ద తేడా లేదని 2013లో కెనడా పరిశోధన ఒకటి తేల్చింది. అయినా చాలాచోట్ల అలవాటుగా రాస్తూనే ఉంటారు. ద్రవరూపంలో అయితే చేదుగా ఉండి గొంతు మండుతుంది. పాలలోనో పండ్ల రసంలోనో కలిపి ఇవ్వండి. లిక్విడ్ పారాఫిన్‌తో కలిపి ఇవ్వకూడదు, ఆ నూనె శరీరంలోకి ఎక్కువగా ఇంకేలా చేస్తుంది.

మన వార్డుల్లో ఎక్కువగా చేతికొచ్చేది లాక్టులోజ్. 15 మి.లీ.లో 10 గ్రా. ఉంటుంది. మలబద్ధకానికి మామూలుగా రోజుకు 15 నుంచి 30 మి.లీ., అవసరమైతే 60 దాకా. 24 నుంచి 48 గంటలు పడుతుంది. మొదటి రెండు రోజులు కడుపుబ్బరం, గ్యాస్ ఉంటాయని ముందే చెప్పండి. చెప్పకపోతే ‘పడలేదు’ అని మానేస్తారు. తీపి ఎక్కువ కాబట్టి నీళ్ళలోనో రసంలోనో కలపవచ్చు. షుగర్ పేషెంట్లు సీసా తీపి చూసి భయపడతారు. మలబద్ధకం డోసులో సాధారణంగా ఇబ్బంది ఉండదు, ఎక్కువ డోసులు నడుస్తున్నప్పుడు షుగర్ చూస్తుండాలి. గాలక్టోసీమియా (పాల చక్కెరలోని గాలక్టోజ్ పడని పుట్టు జబ్బు) ఉన్నవాళ్ళకు ఇవ్వకూడదు.

పాలీఇథిలీన్ గ్లైకాల్, అంటే పెగ్, 17 గ్రా. పొడిని 120 నుంచి 240 మి.లీ. నీళ్ళలో పూర్తిగా కరిగించి తాగించాలి. 1 నుంచి 3 రోజులు పడుతుంది, గ్యాస్ తక్కువ. ఒక జాగ్రత్త: కొలనోస్కోపీ ముందు పేగు కడగడానికి 2 లీటర్ల నీళ్ళలో కలిపే పెద్ద ప్యాకెట్ కూడా పెగ్గే. ఫార్మసీ నుంచి వచ్చిన ప్యాకెట్ మీద బరువు చదవకుండా కలపకండి.

క్రెమాఫిన్‌లో మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, లిక్విడ్ పారాఫిన్ ఉంటాయి. క్రెమాఫిన్ ప్లస్‌లో వీటికి తోడు సోడియం పికోసల్ఫేట్ అనే స్టిమ్యులెంట్ ఉంటుంది. సీసాలు చూడడానికి దగ్గరగానే ఉంటాయి, మందులు వేరు. మెగ్నీషియం కిడ్నీ ద్వారా బయటికి పోవాలి కాబట్టి క్రియాటినిన్ పెరిగిన, అంటే కిడ్నీ పని తగ్గిన, పేషెంట్‌కు ఈ సిరప్ రాసి ఉంటే ఇచ్చే ముందు అడగండి. ఒంట్లో మెగ్నీషియం పేరుకుంటే మగత, బీపీ పడిపోవడం, రిఫ్లెక్సులు తగ్గడం, గుండె వేగం తగ్గడం వస్తాయి. పారాఫిన్‌తో ఇంకో ప్రమాదం ఉంది. మింగలేని మనిషికి, పడుకుని ఉన్న మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి జారితే లిపాయిడ్ న్యూమోనియా వస్తుంది. స్ట్రోక్ పేషెంట్‌కు రాత్రి పడుకోబెట్టి పారాఫిన్ సిరప్ తాగించడం ఎప్పుడూ చేయకూడని పని. చాలాకాలం వాడితే ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటబట్టవు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళలో ఇది ముఖ్యం.

బిసకొడిల్ 5 మి.గ్రా. మాత్ర, సెన్నా మాత్ర 6 నుంచి 12 గంటల్లో పనిచేస్తాయి. అందుకే రాత్రి ఇస్తే ఉదయం ఫలితం. సెన్నాతో మూత్రం పసుపు గోధుమ రంగుకో ఎర్రగానో మారవచ్చని చెప్పి ఉంచండి. బిసకొడిల్ మాత్ర పైపూత చిన్నపేగు దాకా కరగకుండా ఉండాలి. నూరకూడదు, నమలనివ్వకూడదు, పాలు, యాంటాసిడ్లు గంట తేడా లేకుండా ఇవ్వకూడదు. రాత్రి మాత్రలన్నీ వేడి పాలతో వేసుకోవడం మన పెద్దవాళ్ళ అలవాటు. ఈ ఒక్క మాత్ర నీళ్ళతోనే అని చెప్పండి, లేకపోతే పూత కడుపులోనే కరిగి మంట, మెలిపెట్టే నొప్పి వస్తాయి.

ఇసబ్‌గోల్ పీచు మాత్రమే. ఒక డోసుకు కనీసం 240 మి.లీ. నీళ్ళు కావాలి, కలిపిన వెంటనే తాగేయాలి. ఆలస్యమైతే గ్లాసులోనే జిగురవుతుంది. గొంతులో అయితే ఊపిరాడదు. మింగడం కష్టమైనవాళ్ళకు, నీళ్ళు తక్కువ తాగాల్సినవాళ్ళకు, రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం)లోకి, పడుకునే ముందు ఇవ్వకండి.

ఇచ్చేటప్పుడు

సిరప్ డోసును టీస్పూన్‌తో కాకుండా కొలత కప్పుతోనో సిరంజితోనో కొలవండి. పేషెంట్‌ను కూర్చోబెట్టండి. గుండె, కిడ్నీ కారణంగా నీళ్ళకు పరిమితి లేని పెద్దవాళ్ళకు రోజంతా కలిపి ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల ద్రవం వెళ్ళేలా చూడండి. పరిమితి ఉంటే డాక్టర్ రాసిన అంకెను మించకండి; మందులో కలిపిన నీళ్ళు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

మెగ్నీషియం ఉన్న సిరప్‌ను సిప్రోఫ్లాక్సాసిన్‌తో కలిపి ఇస్తే యాంటీబయాటిక్ ఒంటబట్టదు. సిప్రోఫ్లాక్సాసిన్ 2 గంటలు ముందో 6 గంటలు తర్వాతో ఉండాలి. థైరాక్సిన్‌కు 4 గంటల ఎడం పెట్టండి. ఇసబ్‌గోల్‌కు మిగతా మందులకు 2 గంటలు. మందుల వేళలు గుద్దుకుంటే సమయం మార్చమని అడగడం మీ పనే.

రైల్స్ ట్యూబ్ ఉన్నవాళ్ళకు లాక్టులోజ్ చిక్కగా ఉంటుంది కాబట్టి నీళ్ళతో పలుచన చేసి, ముందూ వెనకా నీళ్ళతో ట్యూబ్ కడగండి. ట్యూబ్ స్థానం చూసుకోవడం మామూలే.

సపోజిటరీకి ఎడమ పక్కకు తిప్పి, కుడి మోకాలు పొట్ట వైపు మడిచి పడుకోబెట్టాలి. గ్లౌజులు వేసుకుని గ్లిసరిన్‌దైతే నీళ్ళతో తడిపి, స్ఫింక్టర్ (గుద కండరం) దాటేలా లోపలికి నెట్టి పురీషనాళం గోడకు ఆనేలా పెట్టండి. మలం ముద్దలోకి గుచ్చేస్తే బిసకొడిల్ గోడకు తగలదు, పనిచేయదు. గ్లిసరిన్ 15 నుంచి 30 నిమిషాల్లో, బిసకొడిల్ 15 నుంచి 60 నిమిషాల్లో పనిచేస్తుంది. అంటే బ్రేక్‌ఫాస్ట్ ట్రాలీ వచ్చే సమయానికో ఫిజియోథెరపీకి ముందో పెట్టకండి. చెన్నై వేడికి సపోజిటరీలు ట్రేలోనే మెత్తబడతాయి. కవర్ తీయకుండా చల్లటి నీళ్ళలో కొన్ని నిమిషాలు ఉంచితే గట్టిపడతాయి.

ఫాస్ఫేట్ ఎనిమా తేలికైన మందు కాదు. ముసలివాళ్ళలో, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్ళలో ఫాస్ఫేట్ పెరిగి, కాల్షియం పడిపోయి ప్రాణాపాయం రావచ్చు. 24 గంటల్లో ఒక్క డోసు మించకూడదని అమెరికా ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. మొదటిది బయటికి రాకపోతే ఇంకొకటి పెట్టేయడం కాదు, డాక్టర్‌కు చెప్పడమే చేయాల్సింది. కీమోథెరపీ తర్వాత తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్ళకు గుదం ద్వారా ఏదీ పెట్టకూడదు, థర్మామీటర్ కూడా. పురీషనాళం మీద కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళకు సర్జన్ రాతపూర్వకంగా చెబితేనే.

బాత్రూమ్ దాకా తీసుకెళ్ళండి

ఇది మందు భాగం కాదనుకుంటారు, కానీ సగం ఫలితం ఇక్కడే. తిన్న తర్వాత 15 నుంచి 30 నిమిషాలకు పేగు కదలిక సహజంగానే పెరుగుతుంది. ఉదయం ఇడ్లీ, కాఫీ అయ్యాక ఆ సమయాన్ని స్నానానికో ఎక్స్‌రేకో పోగొట్టకండి. జీవితమంతా గొంతుక్కూర్చునే అలవాటున్న పల్లెటూరి పెద్దాయనకు వెస్టర్న్ కమోడ్ మీద కాళ్ళు వేలాడితే రాదు. కాళ్ళ కింద చిన్న పీట వేయండి, మోకాళ్ళు నడుము కంటే ఎత్తులో ఉండాలి, ముందుకు వంగి మోచేతులు మోకాళ్ళ మీద ఆనించమనండి. బెడ్‌పాన్ తప్పకపోతే, అనుమతి ఉంటే తల వైపు మంచం ఎత్తండి. వెల్లకిలా పడుకుని ఎవరికీ సాఫీగా కాదు. కర్టెన్ వేసి, బెల్ చేతికిచ్చి, బయట నిలబడండి. నలుగురి మధ్య బెడ్‌పాన్ పెట్టి “కానియ్యి తాతా” అంటే కానివ్వరు.

స్టిమ్యులెంట్ ఇచ్చిన రాత్రి పేషెంట్ పడిపోయే ప్రమాదాన్ని గుర్తు పెట్టుకోవాలి. తెల్లవారుజామున హడావుడిగా లేచి తడి నేల మీద జారతారు. చెప్పులు, లైటు, అటెండర్ నిద్రలేచే ఏర్పాటు ముందే చూసుకోండి.

కొందరి విషయంలో వేరే లెక్క

గుండెపోటు వచ్చిన పేషెంట్ ముక్కితే ఛాతీలో ఒత్తిడి పెరిగి, గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి, వదిలేయగానే ఒక్కసారిగా ఎగదన్నుతుంది. అందుకే వాళ్ళకు మలబద్ధకం వచ్చాక కాకుండా రాకముందే మెత్తబరిచే మందు. వాళ్ళు గుండె మందు డిగాక్సిన్ వాడుతుంటే విరేచనాలు ఎక్కువై పొటాషియం పడిపోకుండా చూడాలి. పొటాషియం తగ్గితే డిగాక్సిన్ విషప్రభావం పెరుగుతుంది.

లివర్ పేషెంట్‌కు లాక్టులోజ్ మలబద్ధకం కోసం ఇవ్వడం లేదు. రక్తంలో పేరుకుని మగత తెచ్చే అమ్మోనియాను తగ్గించడానికి 30 నుంచి 45 మి.లీ. చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు ఇస్తారు, రోజుకు 2, 3 మెత్తటి విరేచనాలు అయ్యేలా డోసు సర్దుతారు. ‘మోషన్ ఫ్రీగా అవుతోంది’ అని డోసు మానేసే నర్సు ఆ పేషెంట్‌ను మళ్ళీ మగతలోకి నెట్టినట్టే. అలాగని ఏడెనిమిదిసార్లు అవుతుంటే నీళ్ళు, లవణాలు పోయి అదే మగత వస్తుంది, అప్పుడు డోసు తగ్గించమని అడగాలి.

డయాలసిస్ పేషెంట్‌కు మెగ్నీషియం, ఫాస్ఫేట్ రెండూ వద్దు. మలబద్ధకానికి మంచిదని అటెండర్ బయట నుంచి కొబ్బరిబోండాం, అరటిపళ్ళు తెస్తుంటారు. పొటాషియం వల్ల అవి వీళ్ళకు ప్రమాదం.

వెన్నుపాము దెబ్బ ఆరో థొరాసిక్ (ఛాతీ వెన్నుపూస) స్థాయిలోనో దాని పైనో ఉంటే, నిండిన పురీషనాళమో మీ వేలో చాలు బీపీ ఒక్కసారిగా ఎగబాకడానికి. తలనొప్పి, ముఖం ఎర్రబడడం, చెమటలు కనబడితే చేస్తున్న పని ఆపి, తల ఎత్తి కూర్చోబెట్టి, బీపీ చూసి, డాక్టర్‌ను పిలవండి.

కాన్పులో గుద కండరం దాకా చీలిక పడి కుట్లు వేసిన తల్లులకు మొదటి విరేచనమంటేనే భయం. భయంతో ఆపుకుంటే గట్టిపడుతుంది. మెత్తబరిచే మందు మొదటి రోజు నుంచే నడవాలి; సపోజిటరీ, ఎనిమా వద్దు.

రాయడం, ఆపడం, ఇంటికి పంపడం

చార్టులో సమయం, బ్రిస్టల్ అంకె, పరిమాణం, రంగు, ముక్కారా లేదా రాయండి. హ్యాండోవర్‌లో ‘మోషన్ నాట్ పాస్డ్’ అని వదిలేయకుండా ఎన్నో రోజో చెప్పండి. మందు మొదలైన రోజు గుర్తుంటే తర్వాతి షిఫ్ట్ తొందరపడి ఇంకో మందు చేర్చదు. పెగ్‌కు, డాక్యుసేట్‌కు మూడో రోజు దాటినా ఫలితం లేకపోతే డోసు పెంచడమా, మందు మార్చడమా, గుద పరీక్షా అని డాక్టర్‌ను అడగండి. రోజుకు మూడుకు మించి నీళ్ళ విరేచనాలైతే తర్వాతి డోసు ఆపి చెప్పండి. ముసలివాళ్ళకు నాలుక, బీపీ, పొటాషియం చూడండి. తుడుపులకు చర్మం ఒరుసుకుపోకుండా జింక్ క్రీమ్ రాయండి.

డిశ్చార్జ్ రోజు ఒక విషయం కచ్చితంగా అడగాలి: ఇంట్లో ఇంకేం వాడతారు? సునాముఖి చూర్ణం అంటే సెన్నా ఆకే. ఇక్కడి నాట్టు మరుందు కడైలలో (నాటు మందుల దుకాణాల్లో) నిలావరై పొడి పేరుతో అమ్మేదీ అదే. మనం రాసిన సెన్నా మాత్రతో పాటు పెద్దమ్మ రాత్రి చెంచాడు పొడి ఇస్తే డోసు రెట్టింపవుతుంది. కరక్కాయ, ఆముదం కూడా అడగండి. వద్దని గద్దించకుండా “అవ్వా, ఈ మాత్ర వాడినన్నాళ్ళు ఆ పొడి పక్కన పెట్టండి” అంటే వింటారు.

సీసా మీద ఎన్ని మి.లీ., ఏ వేళ, ఎన్నాళ్ళు అన్నది తెలుగులో స్కెచ్ పెన్‌తో రాసివ్వండి; డిశ్చార్జ్ సమ్మరీ ఇంగ్లిష్ ఊళ్ళో ఎవరూ చదివి చెప్పరు. ఓపియాయిడ్ ఆపితే విరేచనకారి ఎప్పుడు ఆపాలో, అది సాగుతుంటే ఇది ఎందుకు మానకూడదో చెప్పండి. పొట్ట ఉబ్బి గ్యాస్ పోకపోయినా, వాంతులైనా, రక్తం పడినా సిరప్ ఆపి, చెన్నై దాకా వచ్చే రైలు కోసం చూడకుండా దగ్గరలోని ఆసుపత్రికి వెళ్ళమనండి.